దేనికి శూన్యం?

పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికందగానే కుర్రవాడికి చెమటలు పడతాయి. తెల్లవారుజాము దాకా వల్లె వేసిన సూత్రం ఒక్కటీ గుర్తుకు రాదు. బయటికి వచ్చాక "బుర్రంతా శూన్యమైపోయింది" అంటాడు. అదే వీధిలో, పన్నెండో రోజు భోజనాలు ముగిసి చుట్టాలు వెళ్ళిపోయిన ఇంట్లో, ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉంటుంది. పలకరించి వచ్చినవాళ్ళు "శూన్యంలోకి చూస్తూ ఉండిపోయింది" అని చెప్పుకుంటారు. వీధి చివరి ధ్యాన మందిరంలో ఉదయం ఆరింటికి పదిమంది చాపలు పరుచుకుని కూర్చుంటే, ఎదురుగా ఉన్న గురువు "మనసును శూన్యం చేయండి" అంటాడు. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఈ మూడు మాటలూ ఒకే రోజు వినబడడంలో వింత లేదు. వింతల్లా ఏమిటంటే, కుర్రవాడికి పిలవకుండా వచ్చిపడిన ఆపదనే ధ్యాన మందిరంలో రుసుము కట్టి నేర్చుకుంటున్నారు.

మూడు చోట్లా ఉన్నది ఒకే స్థితి కాదని ఎవరికైనా తెలుసు. అయినా మాట ఒకటే. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే మాట పుట్టుక దాకా వెళ్ళాలి.

విజయనగరం సంస్కృత కళాశాల లాంటి చోట్ల అమరకోశం అనే సంస్కృత నిఘంటువును వల్లె వేసినవారికి ఈ పాదం నోటికి వస్తుంది: "శూన్యం తు వశికం తుచ్ఛరిక్తకే". ఏమీ లేనిదానికి అమరసింహుడు ఇచ్చిన నాలుగు మాటలివి. తెలుగులో ఈ నలుగురు అన్నదమ్ములకు పట్టిన గతులు వేరు. వశికం పండితుల దగ్గరే ఆగిపోయింది. తుచ్ఛం తిట్టుగా మారింది. తుచ్ఛుడంటే ఖాళీగా ఉన్నవాడని ఇప్పుడు ఎవరూ అనుకోరు. రిక్తం 'రిక్తహస్తాల'ను పట్టుకుని, అదీ పత్రికల శీర్షికల్లో, బతుకు వెళ్ళదీస్తోంది. పెద్ద ఆస్తంతా శూన్యానికే దక్కింది.

ఈ శూన్యం ఎక్కడి నుంచి వచ్చిందనడానికి వ్యాకరణ సంప్రదాయంలో ఒక చిత్రమైన వివరణ ఉంది. 'శునే హితం' శూన్యమట, అంటే కుక్కకు అనువైనది. నవ్వు వస్తుంది గానీ, పాడుబడిన ఇంటిని ఒకసారి చూస్తే అందులోని పరిశీలన తెలుస్తుంది. పనికోసం హైదరాబాదుకో చెన్నైకో వలస వెళ్ళిన కుటుంబాల ఇళ్ళు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఎన్నో కనిపిస్తాయి. తాళం తుప్పు పట్టి, చూరు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అరుగు మీద ఎండ మాత్రమే కూర్చునే ఆ ఇంటి ముందు ఎప్పుడూ ఒక కుక్క ముడుచుకుని పడుకుని ఉంటుంది. మనుషులు వదిలిన చోటు కుక్కకు హితమే. సంస్కృతంలో 'శూన్యగృహం' అంటే సరిగ్గా ఇలాంటి ఇల్లే: గోడలున్నాయి, వాకిలి ఉంది, మనుషులు లేరు.

భాషాశాస్త్రం ఎక్కువగా ఒప్పుకునే దారి వేరు. శూన్యానికి మూలం 'శ్వి' అనే ధాతువు. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దీనికి గతి (కదలిక), వృద్ధి (పెరుగుదల) అనే అర్థాలు చెబుతుంది. దాని నుంచే 'శూన' వచ్చింది, అంటే ఉబ్బినది. ఆయుర్వేద వైద్యులు వాపును 'శ్వయథువు' అనేదీ ఇందుకే. మరి ఉబ్బినదానికీ ఏమీ లేనిదానికీ పొత్తు ఎలా కుదిరింది? మూకుడులోని పూరీని చూస్తే చాలు. పిండి ఉండగా దానిలో ఖాళీ లేదు. నూనెలో పొంగిన కొద్దీ పైకి నిండుగా కనిపిస్తుంది, లోపల బోలుగా తయారవుతుంది. "వాపు చూసి బలుపు అనుకున్నాడు" అనే సామెత చెప్పేదీ అదే. పైకి పెరగడం, లోపల లేకపోవడం: ఈ రెండూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. శూన్యం పుట్టుకలోనే ఒక ఆకారం ఉంది, ఒక గోడ ఉంది, ఆ గోడ లోపల లేనిదేదో ఉంది. గోడలేని శూన్యం ఆ తరువాతి కల్పన.

తెలుగువాళ్ళు ఈ మాటను రెండుసార్లు అప్పు తెచ్చుకున్నారు. ప్రాకృతం దారిలో ఒకసారి వచ్చింది. కన్య కన్నె అయినట్టు, పుణ్యం పున్నెం అయినట్టు, శూన్యం సున్న అయింది. తరువాత సంస్కృతం నుంచి నేరుగా శూన్యం వచ్చింది. ఇంట్లో ఒకే మనిషికి ముద్దుపేరూ బడిపేరూ ఉన్నట్టు రెండూ ఉండిపోయాయి. సున్న లెక్కల పలక మీదికీ మార్కుల పత్రం మీదికీ వెళ్ళింది. "సున్నకు సున్న, హళ్ళికి హళ్ళి" అంటూ కూడికలు చేసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. శూన్యం పంచాంగం ఎక్కింది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. పెళ్ళి ముహూర్తాలు ఉండవు. ఉగాదినాడు కందాయ ఫలాలు చూసేవారు బేసి అంకె వస్తే లాభమనీ, సరి అంకె వస్తే సమమనీ తేలిగ్గా ఉంటారు. సున్న కనిపిస్తే మాత్రం ముఖం చిన్నబోతుంది. (తాంబూలంలోని సున్నానికీ దీనికీ చుట్టరికం లేదు. అది చూర్ణం నుంచి వచ్చింది.)

సున్న విషయంలో తెలుగు ఒక గొప్ప చమత్కారం చేసింది. అక్షరం పక్కన పెట్టే గుండ్రని గుర్తునూ సున్న అనే అంది. అందులో మళ్ళీ రెండు రకాలు, అరసున్న, నిండుసున్న. ఖాళీలో సగం ఏమిటి, ఖాళీ నిండడం ఏమిటి అని బడిపిల్లలెవరూ అడగరు, అలవాటైపోయింది కాబట్టి. కానీ పూర్వపు గణితజ్ఞులు ఈ 'నిండు'ను కావాలనే పలికారు. శ్లోకాల్లో అంకెలకు బదులు మాటలు వాడే పద్ధతిలో సున్నను ఖం అన్నారు, గగనం అన్నారు, అంబరం అన్నారు, పూర్ణం అని కూడా అన్నారు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో సున్నతో కూడికకూ తీసివేతకూ నియమాలు రాశాడు. ఒక సంఖ్యలోంచి అదే సంఖ్యను తీసివేస్తే మిగిలేది శూన్యం. అక్కడ కూడా శూన్యం ఊరికే రాలేదు. ఏదో ఒకటి ఉండి, అది పోతే వచ్చింది. అరబ్బులు శూన్యాన్ని 'సిఫ్ర్' అని అనువదించుకున్నారు. ఇంగ్లీషువారి 'జీరో', 'సైఫర్' రెండూ ఆ సిఫ్ర్ బిడ్డలే.

ఇక అసలు సంగతికి వస్తే, శూన్యం ఒంటరిగా నిలబడే మాట కాదు. సంస్కృతంలో అది సాధారణంగా ఇంకో మాట వెనక నడుస్తుంది. జనశూన్యం, ఫలశూన్యం, అర్థశూన్యం, విచక్షణాశూన్యం. ముందున్న మాట దేని లేమి గురించి చెబుతున్నామో తేల్చేస్తుంది. జనశూన్యమైన ఊళ్ళో చెట్లుంటాయి. అర్థశూన్యమైన ప్రసంగంలో మాటలకు కొదవ ఉండదు, అది ఎన్నికల కాలంలో అందరికీ అనుభవమే. "శూన్యం" అనగానే వినేవాడి నోట "దేనికి?" అనే ప్రశ్న రావాలి.

ఈ ప్రశ్నను అందరికంటే పట్టుదలగా అడిగినవారు బౌద్ధులు. పాలి భాషలోని బుద్ధుడి ఉపదేశాల్లో, అంటే సుత్తాల్లో, చూళసుఞ్ఞతం అని ఒకటుంది. అందులో బుద్ధుడు తాము కూర్చున్న మిగారమాత ప్రాసాదాన్నే ఉదాహరణగా చూపిస్తాడు. ఈ మేడ ఏనుగులకు శూన్యం, ఆవులకు శూన్యం, గుర్రాలకు శూన్యం, బంగారానికీ వెండికీ శూన్యం. అయితే భిక్షుసంఘానికి శూన్యం కాదు. మనసు విషయంలోనూ అదే పద్ధతి. ఊరి తలపు వదిలి అడవి తలపు పట్టుకున్నవాడికి ఊరి తలపు లేదని తెలియాలి, అడవి తలపు ఉందని కూడా తెలియాలి. ఆ తరువాత అడవినీ వదలాలి. మెట్టు మెట్టుకూ లేనిదాన్ని లేదనీ మిగిలినదాన్ని ఉందనీ గుర్తిస్తూ పోవడమే ఆ సాధన. "అన్నీ వదిలేయండి" అని ఒక్క మాటలో తేల్చే ధ్యాన శిబిరాల వ్యాకరణం కంటే ఇది చాలా ఓపికైన వ్యాకరణం.

ఈ ఓపికకు ఉత్తరాంధ్రలో చోటు ఉండేది. విజయనగరం దగ్గర రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నానికి కొద్ది దూరాన, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. దాని సంగతిని 1919లో లోకానికి తెలిపినవాడు గిడుగు వేంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న ఆ జిల్లాలోనే పర్వతాలపేటలో పుట్టి, జనం మాట్లాడే తెలుగే రాతలోనూ ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు ఆయనే. మాటల వెంట తిరిగిన మనిషికి ఇటుకల దిబ్బ కూడా కనబడింది. కొండ మెట్లెక్కుతుంటే ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు ఒక్కొక్కటే బయటపడతాయి. వెనక్కి తిరిగితే కింద వంశధార. ఇక్కడ దొరికిన విగ్రహాల్లో తార ఉంది, మారీచి ఉంది. ఏడు పందులు లాగే రథం మీద వచ్చే ఉషోదేవత మారీచి. ఏడు గుర్రాల దేవుడు కొలువైన అరసవల్లి అదే జిల్లాలో ఉండడం కాకతాళీయమే కావచ్చు, గమనించకుండా మాత్రం ఉండలేం.

తార, మారీచి బౌద్ధంలోని తాంత్రిక శాఖ అయిన వజ్రయానపు దేవతలు. వారిని ఉపాసించే సాధన శూన్యతతోనే మొదలవుతుంది. సాధకుడు ముందు తనతో సహా సమస్తమూ స్వభావశూన్యమని భావిస్తాడు. ఆ శూన్యత నుంచి ఒక బీజాక్షరం, అక్షరం నుంచి పద్మం, పద్మం మీద దేవత, ఇలా రూపం పొంగుకొస్తుంది. శ్వి ధాతువులోని ఉబ్బు ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది. శూన్యం చివరి మెట్టని మనం అనుకుంటాం, వారికి అది మొదటి మెట్టు.

ఇంతకుముందే, క్రీ.శ. రెండో శతాబ్దం ప్రాంతంలో, ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో శూన్యతకు గట్టి నిర్వచనం ఇచ్చాడు. ఒకదానిపై ఒకటి ఆధారపడి పుట్టడాన్నే శూన్యత అంటున్నామన్నాడు. అంటే వస్తువు లేదని కాదు, దానికి సొంత కాళ్ళు లేవని. వరి గింజ ఉంది, అయితే నేల, నీరు, ఎండ, నాట్లు వేసిన చేతులు లేకుండా అది లేదు. ఇక్కడా "దేనికి?" అంటే జవాబుంది: స్వభావానికి శూన్యం. ఈ మాటను తప్పుగా పట్టుకుంటే తోక దగ్గర పట్టిన పాములా కాటేస్తుందన్న అర్థంలో ఆయనే హెచ్చరించాడు కూడా. పాము కాటేయనే వేసింది. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో శూన్యవాదుల పక్షం అన్ని ప్రమాణాలకూ విరుద్ధం కాబట్టి దాన్ని ఖండించే శ్రమ కూడా అక్కర్లేదని ఒక్క వాక్యంలో పక్కకు తోసేశారు. బౌద్ధం కనుమరుగైన నేల మీద "శూన్యవాదం" అంటే ఏమీ లేదనే వాదమన్న అర్థమే స్థిరపడింది. విహారాలతో పాటు "దేనికి?" అన్న ప్రశ్న కూడా శిథిలమైంది. తమిళంలోనైతే సూనియం పెట్టడమంటే చేతబడి చేయడమే.

అయితే తెలుగు నష్టపోయి ఊరుకోలేదు. పోయిన ప్రశ్నకు జవాబులను వేరే మాటల్లో దాచుకుంది. బోసి, డొల్ల, వెలితి, వట్టి, ఖాళీ: వీటిలో ఏ రెండూ ఒకటి కావు. బోసి అంటే ఉండవలసిన చోట లేకపోవడం. పళ్ళు ఉండవలసిన నోరు బోసి, గొలుసు ఉండవలసిన మెడ బోసి. డొల్ల అంటే పైపెంకు సరిగానే ఉండి లోపల లేకపోవడం. వెలితి అంచు దాకా రాకపోవడం. కుండ నిండా నీళ్ళున్నా నాలుగు వేళ్ళు తక్కువైతే వెలితే. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఖాళీ కొంచెం ఉదారమైనది, రమ్మని పిలుస్తుంది. ఖాళీ కుర్చీలో కూర్చోవచ్చు. ఖాళీగా ఉన్న మనిషికి పని చెప్పవచ్చు.

వీటన్నిటికంటే నిక్కచ్చి మాట రైతు దగ్గర ఉంది: తాలు. పాలు పోసుకోని వరి గింజకు పొట్టు ఉంటుంది, రంగు ఉంటుంది, కొన ఉంటుంది. కంకిలో ఉండగా దాన్ని పోల్చుకోవడం కష్టం. కళ్ళంలో తూర్పార పడుతున్నప్పుడు చేటలోంచి జారే గింజల్లో గట్టివి నిటారుగా కాళ్ళ దగ్గర పడతాయి. తాలు గాలికి పక్కకు తేలిపోయి వేరే కుప్ప అవుతుంది. శూన్యాన్ని పరీక్షించడానికి ఇంతకంటే చవకైన ప్రయోగశాల లేదు. గాలి ఎవరి మొహమాటమూ చూడదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. కొబ్బరిచెట్టు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. తాత నాటినది మనుమడు తింటాడు. అలాంటి తోట నేలమట్టమైన మరునాడు గట్టు మీద నిలబడిన రైతు చూపును "శూన్యదృష్టి" అనేస్తే పని సులువుగా అయిపోతుంది, కానీ నిజం సగమే చెప్పినట్టు. ఆ తోట బోసిపోయింది. ఆ మనిషి కంటికి ఒక్కో చెట్టూ అది ఉండిన చోట ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, అందుకే ఆ చూపు. అరుగు మీది పెద్దావిడ సంగతీ అంతే. ఆమె చూస్తున్నది శూన్యంలోకి కాదు, పడక్కుర్చీలోకి. అందులో కూర్చునే మనిషి లేడు.

మనసు విషయంలో తెలుగు మరో గీత కూడా గీసింది. ఆలోచన లేకపోవడం వేరు, ఆలోచన వేరే చోట ఉండడం వేరు. రెండోదానికి పరధ్యానం అని పేరు. వేరేదాని మీద ధ్యానం, అంటే మనసు నిండుగానే ఉంది, ఎదురుగా ఉన్నదానితో కాదు. అన్యమనస్కం అన్నా ఇదే. గిన్నె మాడుతున్నా వాసన తెలియని మనిషి తలలో కూతురి పెళ్ళి ఖర్చు లెక్క నడుస్తూ ఉండవచ్చు. అచ్చతెలుగులో ఏమరుపాటు ఉంది. అందులో లోపల ఏముందన్న వాకబు లేదు, కాపలా తప్పిందన్న ఫిర్యాదు మాత్రమే ఉంది. పరాకు మరీ గమ్మత్తు. పరాకు అంటే అశ్రద్ధ. రాముడిని ఈ పరాకు నీకెందుకని త్యాగరాజు నిలదీశాడు. పౌరాణిక నాటకంలో రాజు వస్తుంటే భటులు "బహుపరాక్" అని అరిచేది మాత్రం జాగ్రత్త అని చెప్పడానికి. ఒకే మాట జబ్బూ మందూ కూడా అయింది.

2013లో అమెరికాలోని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ గీత మీదే ఒక పరిశోధన ప్రచురించారు. చదువుతుండగా మనసు వేరే విషయం మీదికి పోవడం ఒకటి, ఏ విషయమూ లేకుండా మనసు మాయమైపోవడం మరొకటి అని, రెండోదానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. మొదటిది మన పరధ్యానం. రెండోదానికి ఈమధ్య తెలుగులో 'మైండ్ బ్లాంక్' అనడం మొదలైంది. సినిమాల పుణ్యమా అని అది 'మైండ్ బ్లాక్'గా కూడా తిరుగుతోంది. ఖాళీ అయినదాన్నీ మూసుకుపోయినదాన్నీ కలిపేసిన ఈ పొరపాటులో, తెలియకుండానే, కొంత నిజం ఉంది. దాని సంగతి చివర్లో.

ధ్యాన మందిరం గురువు మాటకు మద్దతుగా సాధారణంగా పతంజలిని చూపిస్తారు. యోగసూత్రాల్లో శూన్యం అనే మాట నిజంగానే ఉంది, ఎక్కడున్నదీ చూడాలి. మొదటి పాదంలో వికల్పాన్ని నిర్వచిస్తూ "శబ్దజ్ఞానానుపాతీ వస్తుశూన్యో వికల్పః" అన్నాడు. మాట వెంట పరుగెత్తేదీ, వస్తువుకు మాత్రం శూన్యమైనదీ వికల్పం. కుందేటి కొమ్ములాంటిదన్నమాట, అనడానికి మాట ఉంది, తేవడానికి కొమ్ము లేదు. ఇక్కడ శూన్యం లోపం. మూడో పాదంలో సమాధిని చెబుతూ, ధ్యేయం ఒక్కటే వెలుగుతూ మనసు "స్వరూపశూన్యమివ" ఉంటుందన్నాడు. ఇక్కడ శూన్యం సిద్ధి. రెండు చోట్లా దేనికి శూన్యమో చెప్పకుండా వదల్లేదు, ఒకచోట వస్తువుకు, ఇంకోచోట స్వరూపానికి. రెండోచోట 'ఇవ' అని కూడా అన్నాడు, శూన్యమైనట్టు అని. సూత్రకారుడు అక్షరం వృథా చేయడంటారు; ఈ రెండక్షరాలను అనువాదకులు తరచూ జారవిడుస్తారు. సమాధిలో ఆలోచనలు అడుగంటిన డొల్ల మనసు లేదు, ఒకే వస్తువుతో పూర్తిగా నిండిపోయి తన ఉనికిని గమనించుకునే తీరిక లేని మనసు ఉంది. తెలుగువాడు దాన్ని నిండుసున్న అని పిలిస్తే పతంజలి అభ్యంతరం చెప్పకపోవచ్చు.

ఇక పరీక్ష హాల్లోని కుర్రవాడు. అతని బుర్ర దేనికి శూన్యం? సూత్రానికి. మరి దేనికి కాదు? భయానికి, నాన్న ముఖానికి, గోడ గడియారానికి, పక్క బల్ల మీద పరపరా సాగుతున్న కలానికి. ఒత్తిడి ఎక్కువైనప్పుడు అప్పటికే నేర్చుకున్నదాన్ని పైకి తెచ్చుకోవడం కష్టమవుతుందని మనస్తత్వ శాస్త్రం చెబుతోంది. ఒకేసారి పట్టుకోగలిగే నాలుగైదు సంగతుల చోటును ఆందోళన ఆక్రమిస్తుంది. గదిలో సామాను మాయం కాలేదు, గుమ్మానికి అడ్డంగా ఎవరో నిలబడ్డారు. మైండ్ బ్లాక్ అన్నవారి పొరపాటులో ఉన్న నిజం ఇదే. మూడు గంటల తరువాత గంట మోగుతుంది, కాగితాలు తీసుకుంటారు. కుర్రవాడు బయటికి వచ్చి, వరండాలో కుప్పగా పడి ఉన్న వాటిలో తన చెప్పులు వెతుక్కుంటాడు. ఒక కాలు దూర్చి రెండో కాలు ఎత్తేసరికి సూత్రం గుర్తుకొస్తుంది, మొదటి అక్షరం నుంచి చివరి గుర్తు దాకా.